పులిహోరలో సమురాయ్

ఒక జపాను వీరుడి కత్తి ఒక తెలుగు గుమాస్తాను ఉరికంబం దాకా ఎలా నడిపించిందో చెప్తాను. కత్తి తప్పేమీ లేదు. నిజానికి ఉరికంబం కూడా ఎక్కడా లేదు. నడిచినవాణ్ణి మాత్రం నేనే.

అప్పుడు బంటింగ్ అనే ఊరి దగ్గర ఒక రబ్బరు ఎస్టేటులో గుమాస్తాగా, అక్కడి మాటలో కిరాణీగా, పనిచేసేవాణ్ణి. మలయాకు మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం, రాబోతోంది. ఎమర్జెన్సీ మాత్రం ఇంకా పోలేదు. అడవిలో కమ్యూనిస్టు గెరిల్లాలు, రోడ్ల మీద పోలీసు తనిఖీలు. అడవిలోవాళ్ళకు తిండి అందకూడదని, ఎస్టేటు గేటు దాటి మెతుకు బయటికి పోకూడదని ఉత్తర్వు. దాన్ని కూలీలందరికీ తెలుగులోనూ తమిళంలోనూ చదివి వినిపించినవాణ్ణి నేనే. ఈ సంగతి మీరు గుర్తుంచుకోండి. నేను మరిచిపోయాను.

మా దొర ఉద్యోగం చాలించి ఇంగ్లండు వెళ్ళిపోతున్నాడు. ఆయన బంగళా గోడకు ఒక పాత సమురాయ్ కత్తి ఉండేది. యుద్ధం ముగిశాక లొంగిపోయిన జపాను అధికారి ఒకడు అప్పగించిందట. అతిథులు వచ్చినప్పుడు దొర దాన్ని విడదీసి చూపించేవాడు. నేను గుమ్మం దగ్గర నిలబడి గుటకలు వేస్తూ చూసేవాణ్ణి. పిడిలో గుచ్చిన వెదురు చీల తోసేస్తే పిడి జారి చేతిలోకి వచ్చేది. పిడికి గరుకైన చేపచర్మం, దానిపైన నల్ల పట్టు అల్లిక, అల్లిక సందుల్లోంచి తొంగిచూసే బంగారు తూనీగలు. పిడికీ అలుగుకీ మధ్య చేతికి కాపుగా గుండ్రటి ఇనుప బిళ్ళ. దాని మీద బంగారు తీగతో పొదిగిన కొంగలు ఎగురుతూ ఉండేవి. ఇనుముకు అంత అందం ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

దొర సామానుతో ముందుగా క్లాంగ్ వెళ్ళాడు. కత్తిని లారీలో వేయడానికి మనసొప్పక, శనివారం బస్సులో తెచ్చి ఇమ్మని నాకు అప్పగించాడు. గీత కూడా పడకూడదన్నాడు. కారు కదిలాక కిటికీలోంచి తల బయటపెట్టి ఒక్క మాట అన్నాడు.

"పోలీసులకు చెప్తాను."

ఆ మాటకు నా నిద్ర పోయింది. గీత పడితే దొర పోలీసులకు చెప్తాడు. గీత పడకపోయినా, కత్తితో బస్సెక్కితే పోలీసులే పట్టుకుంటారు. తుపాకీ దొరికితే ఉరి అని అందరికీ తెలుసు. కత్తి సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పలేదు గనక అదీ ఉరేనని నిర్ధారణకు వచ్చాను.

అందుకని శనివారం పొద్దున్నే కత్తి కత్తిలా కనబడకుండా చేద్దామని కూర్చున్నాను. వెదురు చీల తోశాను. అలుగును చాపలో చుట్టాను. ఒరను పాత గొడుగు గుడ్డలో దూర్చాను. పిడి పంచెల మూటలోకి పోయింది. మిగిలింది బిళ్ళ. చొక్కా జేబులో వేస్తే జేబు బొడ్డు దాకా వేలాడింది. చుట్టూ చూశాను. మా అప్ప అప్పుడే పులిహోర కలిపి దించింది. నాకు వండిపెట్టడానికి వచ్చి ఉంటున్న అక్క ఆవిడ. క్యారేజీ గిన్నె అడుగున బిళ్ళ పెట్టి, పైన పులిహోర వేయమన్నాను.

అప్ప గరిటె పట్టుకుని నన్ను పైనుంచి కిందికి చూసింది. "బువ్వ అట్టుకెల్తే పోలీసోలు పట్టుకుంతారని నువ్వే సెప్పినావు కదరా?"

"కత్తి బెంగతో నేను సస్తంటే, బువ్వ గొడవేటప్పా?" అన్నాను.

అంతకంటే తెలివితక్కువ మాట నేను మళ్ళీ ఎప్పుడూ అనలేదు. అప్ప గరిటెతో బిళ్ళ మీద పులిహోర సర్దింది. గేటు దగ్గర కాపలావాడు, కిరాణీ గారు కదా అని, సలాము కొట్టి వదిలేశాడు. అదీ నా ఖర్మే.

బస్సులో చాపను పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. బంటింగ్ దాటాక తనిఖీ. లావుపాటి మలాయి సార్జెంటు ఒకాయన బస్సెక్కి, క్లాంగ్‌కు దొర కత్తి తీసుకుపోతున్న కిరాణీ ఎవరని అడిగాడు. దొర అప్పుడే చెప్పేశాడు, నా పని అయిపోయిందనుకున్నాను. కిరాణీని నేనేనని, కత్తి మాత్రం నా దగ్గర లేదని, అసలు కత్తి అనేదే నేనెరగనని చెప్పాను.

సార్జెంటు వింతగా చూసి నన్ను దింపాడు. మొదట క్యారేజీ మూత తీశాడు. ఆయన మొహం మారిపోయింది. అన్నం ఎవరికోసమని అడిగాడు. అప్పుడు గుర్తొచ్చింది ఉత్తర్వు, నా గొంతులోనే, రెండు భాషల్లోనూ.

నాకోసమే తువాన్ అన్నాను. తువాన్ అంటే అయ్యా అని.

"మాకాన్‌లా" అన్నాడు. తినమని.

రోడ్డు పక్కన గొంతుక్కూర్చుని తినసాగాను. బస్సులోవాళ్ళంతా కిటికీల్లోంచి చూస్తున్నారు. పులిహోర తగ్గేకొద్దీ నాకు చెమట పెరుగుతోంది. మెతుకు మెతుకూ ఏరుకుంటూ తిన్నా గిన్నె లోతు ఎంతని. చివరికి వేళ్ళకు చల్లగా ఇనుము తగిలింది. గిన్నె ఖణేల్‌మంది.

అదేమిటని సార్జెంటు అడిగాడు.

"ఊరగాయ" అన్నాను.

మిగిలిన నాలుగు మెతుకులూ తినిపించి, ఆయన కర్రతో బిళ్ళను తోసి చూశాడు. మధ్యలో కన్నం ఉన్న గుండ్రటి ఇనుము. కానిస్టేబులు ఒకడు బాంబు ముక్కేమో అన్నాడు. మరుక్షణం బస్సులోవాళ్ళంతా సీట్ల కింద ఉన్నారు. అందరికంటే ముందు నేల మీద పడుకున్నవాణ్ణి నేను. అది బాంబు కాదని తెలిసినవాణ్ణీ నేనే.

పడుకునే ఒప్పుకున్నాను. అది దొర కత్తి తాలూకుదని, మిగతా కత్తి చాపలోనూ గొడుగులోనూ మూటలోనూ ఉందని చెప్పాను. సార్జెంటు తారు రోడ్డు మీద అన్నీ పరిపించి, కత్తి అని రుజువయ్యేలా బిగించమన్నాడు. ఎలాగో బిగించాను. తర్వాత సార్జెంటే నన్ను జీపులో క్లాంగ్ తీసుకుపోయాడు.

దొర కత్తి అందుకుని, బిళ్ళను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. కొంగల రెక్కల మధ్య ఇంకా ఆవగింజలున్నాయి. నేను జరిగిందంతా చెప్పాను. ఆయన గోటితో ఒక ఆవగింజ గీకి తీశాడు.

"నిన్ను ఆపకుండా మర్యాదగా పంపమని పోలీసులకు చెప్తానన్నాను" అన్నాడు చివరికి.

సార్జెంటు గొంతు సవరించుకున్నాడు. కత్తి విషయంలో పేచీ లేదని, ఎస్టేటు దాటి అన్నం తెచ్చిన నేరం మాత్రం ఉండిపోయిందని అన్నాడు. ఉరికంబం మళ్ళీ నా కళ్ళ ముందు లేచింది. ఆయన క్యారేజీ తెరిచి, ప్రతి గిన్నె తలకిందులు చేసి చూసి, నిట్టూర్చి మూత పెట్టాడు.

"కేసు పెట్టాలంటే సాక్ష్యం చూపించాలి, తువాన్. దాన్ని ఇతను తినేశాడు."

ఆ సాయంత్రమే ఇంట్లో దీపం ముందు నిలబడి గట్టిగా ప్రమాణం చేశాను. ఇకమీదట ఎవరు నా చేతికి కత్తి ఇచ్చినా, దాన్ని కత్తిలాగే, పదిమంది చూస్తుండగా, కుడిచేత్తో పట్టుకుని పోతానని. ఆ ప్రమాణానికి ఇప్పటిదాకా భంగం రాలేదు. ఆ తర్వాత నాకెవరూ కత్తి ఇవ్వలేదు.