రూతమ్మ గారి ముందు ఎర్ర తువ్వాలు

మొన్న కొడవలూరు దగ్గర బస్సు ఆగింది. పక్కనే వరిగడ్డి ట్రాక్టరు. అప్పుడే జల్లు పడినట్టుంది, తడిసిన గడ్డి వాసన కిటికీలోంచి గుప్పున కొట్టింది. నా చెయ్యి దానంతటదే భుజం మీది తెల్ల తువ్వాలును లాగి, మరకేమైనా ఉందా అని తిప్పి చూసింది. పక్క సీటాయన నాకు జలుబనుకుని కొంచెం అవతలికి జరిగాడు. జలుబు కాదు. పశువుల డాక్టరు రూతమ్మ గారు గుర్తొచ్చారు.

నెల్లూరులో ఒకప్పుడు నాకు పన్నెండు గుర్రాలుండేవి. సరే, మూడు. అందులో రెండు మా బావమరిదివి. నాదంటూ ఉన్నది ముత్యం ఒక్కటే. చెన్నై పందేల మైదానం నుంచి బయటికొచ్చిన ఆడగుర్రం, పెళ్ళికొడుకులను ఊరేగించడానికి కొన్నాను. కానీ దాని కాళ్ళలో పరుగు ఇంకా మిగిలే ఉంది. ఏటా కోట అనే ఊరు దాటాక సముద్రపు ఒడ్డున మా గుర్రాలవాళ్ళం సరదాకి పందెం పెట్టుకునేవాళ్ళం. ఆ ఏడు గెలుపు నాదేనని నెల్లూరులో ఉన్న టీ కొట్లన్నిటిలోనూ చాటేశాను.

ఒకరోజు తడి ఇసుకలో గట్టిగా పరుగెత్తించి దిగేసరికి, దాని ముక్కులోంచి సన్నగా రక్తం కారుతోంది. ఎండాకాలంలో పిల్లల ముక్కులోంచి రక్తం వస్తే మనం ఏమంటాం? వేడి చేసిందంటాం. నేనూ అదే అన్నాను. తల పైకెత్తి కట్టేసి, నెత్తిన నీళ్ళు గుమ్మరించి, సబ్జా గింజలు నానేసిన మజ్జిగ నోట్లో పోశాను. వారానికి మళ్ళీ రక్తం వచ్చింది. అప్పుడు కబురు పెడితే రూతమ్మ గారు స్కూటరు మీద వచ్చారు. పొట్టి మనిషి, ఏదో చర్చి పాట కూనిరాగం తీస్తూ దిగారు. ముత్యాన్ని చూడగానే పాట ఆగిపోయింది.

"ఏం పోసినావు దీనికి?"

"మజ్జిగమ్మా. వేడి చేసింది గదా."

"వేడి చేసింది నీకయ్యా, పెంచలయ్యా! తలెత్తి పోస్తే ఆ మజ్జిగ ఊపిరితిత్తుల్లోకి పోదా? ముందు ఆ తాడిప్పు. తల కిందికి వాల్చుకోనీ."

పది రోజుల తర్వాత ఆవిడే దగ్గరుండి ముత్యాన్ని కొంచెంసేపు పరుగెత్తించారు. పరుగయ్యాక గంటసేపు నీడలో కూర్చుని నా చేతి టీ తాగి, అప్పుడు కొసన చిన్న కెమెరా ఉన్న పొడవాటి గొట్టాన్ని దాని ముక్కులోంచి లోపలికి పోనిచ్చారు. ముక్కు శుభ్రంగానే ఉంది. తెరమీద చూస్తే గాలిగొట్టంలో ఎర్రటి చారలు.

"చూసినావా? బయటికొచ్చేది కొంచెమే. గట్టిగా పరిగెత్తేటప్పుడు ఊపిరితిత్తుల్లో సన్న నరాలు చిట్లుతా ఉండాయి. పందెం గుర్రాలకి చానావాటికి ఉండేదే. పూర్తిగా మానేది కాదు, తగ్గించుకోవాల."

"పందెం రోజు ఏదో ఇంజెక్షన్ వేస్తారంట గదమ్మా?"

"వేస్తారు. ఒంట్లో నీళ్ళు లాగేస్తాది అది. ఈ ఎండలో, ఆ ఇసకలో దీన్ని పడేసేదానికా, నీ పేరు కోసరం?"

గడ్డి తడిపి పెట్టమన్నారు, దుమ్ము లోపలికి పోకుండా. పరుగు మానిపించి నడిపించమన్నారు. పందేనికి రెండు రోజుల ముందు ఒక్కసారి పరుగెత్తించి చూద్దాం, రక్తం రాకపోతే సరే, వస్తే పందెం లేదు అన్నారు. ఆరు వారాలు గడ్డి తడిపాను. ఆ వాసన నా అన్నంలోకి కూడా వచ్చేది.

ఆ పరీక్ష రోజు ముత్యం గాలిలా వచ్చింది. దిగి చూస్తే ముక్కు అంచున రక్తం. రూతమ్మ గారు ఇంకా దూరంగా స్కూటరు నిలుపుతున్నారు. భుజాన ఉన్న ఎర్ర తువ్వాలుతో గబుక్కున తుడిచేశాను.

"వచ్చిందా?"

"లేదమ్మా. ఒక్క చుక్క కూడా."

ఆవిడ నా భుజం మీది తువ్వాలు తీసి బక్కెట్లో ముంచారు. నీళ్ళు ఎర్రబడ్డాయి.

"రంగు దిగతా ఉందమ్మా," అన్నాను.

"పదేళ్ళ తువ్వాలు. ఈరోజు దిగినాదా రంగు?" పిండి నా చేతికే ఇచ్చారు. "నువ్వు గొప్పలు చెప్పుకో పెంచలయ్యా. నాకూ వినేదానికి బాగానే ఉంటాది. దీని ఒంటి సంగతిలో మటుకు అబద్ధం చెప్పబాక. నోరు లేనిదానికి నీ నోరే గదా దిక్కు."

నేను తిట్లకు తట్టుకోగలను. ఆ మాటకు మాత్రం తట్టుకోలేకపోయాను.

పందెం రోజు ముత్యాన్ని ఇంటి దగ్గరే వదిలి వెళ్ళాను. కోటలో రొయ్యల గుంటలున్న సుబ్బారెడ్డి మైకులోనే అడిగాడు: "ఏంది పెంచలన్నా, ముత్యం యాడ? పెళ్ళికి పోయిందా?" అందరూ నవ్వారు. ముత్యాన్ని విదేశీ పందేలకు పిలిచారని చెప్పడానికి నోరు తెరిచాను కూడా. నా నోట్లోంచి వచ్చింది వేరే: "దాని ఊపిరితిత్తుల్లో రక్తం వస్తా ఉంది. దాన్ని పరిగెత్తించను."

నవ్వు ఇంకొంచెం పెరిగింది. కాసేపటికి సుబ్బారెడ్డి నన్ను పడవ చాటుకి తీసుకుపోయి గొంతు తగ్గించాడు. "అన్నా, మాదానికీ వస్తా ఉంది. వేడనుకోని మజ్జిగ పోస్తా ఉండా."

"తలెత్తి పోయలేదు గదా?" అన్నాను, పెద్ద డాక్టరులాగా. ఆ రోజు అతని గుర్రం కూడా పరుగెత్తలేదు.

ముత్యం ఆ తర్వాత చాలా ఏళ్ళు పెళ్ళికొడుకులను నెమ్మదిగా మోసింది. ఇప్పుడు అదీ లేదు, రూతమ్మ గారూ లేరు. నా భుజాన తెల్ల తువ్వాలు ఉంది. దాని మీద ఏ మరకా దాగదు. మొదటిదాన్ని రూతమ్మ గారే స్వయంగా బహూకరించారని అందరికీ చెబుతుంటాను. సరే, బహూకరించలేదు. పందెం మర్నాడు నేనే కొనుక్కున్నాను. ఆవిడ చూసి, "ఇది మేలు," అన్నారు. ఆ రెండు మాటలకు మాత్రం నేనేమీ కలపలేదు.