ఇమాం వేసిన నది

గరికపాడు చెక్‌పోస్టు దగ్గర లారీలకు బొమ్మలు వేసే ఇమాంకి అరవై ఏళ్లు. నలభై ఏళ్లుగా లారీ వెనక డోరు మీద ఒకటే బొమ్మ: రెండు కొండలు, మధ్యలో నీలం నది. నిద్రలో లేపినా వేసేస్తాడు. స్టిక్కర్లు వచ్చాక అందరూ అటే పోయారు. మిగిలింది రెండు లారీలున్న నందిగామ రత్నబాబు ఒక్కడే. ఆయనా పోతే కుంచె అటకెక్కాల్సిందే.

మనవరాలు అఫ్రీన్ ఫైన్ ఆర్ట్స్ ప్రవేశ పరీక్షకి చదువుతోంది. మన ఇమాంకి ఊరుకునే గుణం ఎక్కడిది? ఆమె చదివే ప్రతి చిత్రకళా శైలి పేరుకీ అర్థం చెప్పమంటాడు. క్యూబిజం అంటే ఒకే వస్తువును నాలుగు వైపుల నుంచీ ఒకే బొమ్మలో చూపడమని చెబితే, "యాక్సిడెంటైన లారీలాగానా?" అన్నాడు. ఇంప్రెషనిజం దగ్గర మాత్రం ఆగిపోయాడు.

"వస్తువు కాదు తాతా, ఆ కాసేపు దాని మీద పడ్డ వెలుగుని వేస్తారు. దగ్గరికెళ్తే అన్నీ మచ్చలే. దూరం నుంచి చూస్తేనే బొమ్మ."

"అయితే నది నీలం కాదంటావా?"

"నువ్వెప్పుడైనా చూశావా?"

నది ఒడ్డునున్న వేదాద్రికి ఎన్నోసార్లు వెళ్లాడు గానీ, నీళ్ల రంగేమిటో ఏనాడూ చూడలేదు. సిగ్గేసింది. మర్నాడు పొద్దున్నే మనవరాలితో వెళ్లి రేవులో కూర్చున్నాడు. నీళ్లు ఒకచోట బెల్లం రంగు, ఒకచోట గులాబీ, రాళ్ల నీడలో ఆకుపచ్చ. వెతికి వెతికి చూసినా నీలం కనపడలేదు.

ఆ వారమే రత్నబాబు లారీ వచ్చింది. ఇమాం చూసింది చూసినట్టు మచ్చలు మచ్చలుగా వేశాడు. రంగు ఆరాక రత్నబాబు వచ్చి డోరుకి ముక్కు ఆనించినంత పని చేశాడు.

"ఏందయ్యా ఈ బురద? నా నది ఏదీ?"

"రోడ్డు దాటి అటు నిలబడి చూడండి, బాబూ."

"లోడు టైమైంది. రేపు నీలం కొట్టెయ్, లేకపోతే స్టిక్కరే."

రత్నబాబు ఎక్కగానే లారీ కదిలింది. చేతినిండా పని ఉన్న రోజుల్లో అయితే ఇమాం వెంటనే ఇంకో లారీ వైపు తిరిగేవాడు. ఈరోజు ఇంకో లారీ లేదు. అలాగే చూస్తూ నిలబడ్డాడు. లారీ దూరమయ్యేకొద్దీ మచ్చలన్నీ కలిసి వేదాద్రి నీళ్లయ్యాయి. నలభై ఏళ్లలో తన బొమ్మ వెళ్లిపోతుంటే చూడటం ఇదే మొదటిసారి. కళ్లు చెమర్చాయి.

సాయంత్రం రత్నబాబు ఫోను.

"ఇమామూ, చిల్లకల్లు నుంచి ఒక లారీవాడు హారన్ కొడుతూ నందిగామ దాకా నా వెనకే వచ్చాడు. గొడవేమో అనుకున్నా. తీరా చూస్తే, 'ఇది వేదాద్రి రేవే కదండీ, ఎవరేశారు?' అని అడిగాడు. సరే, ఈ బొమ్మ ఇలాగే ఉండనీ. రెండో లారీ పంపుతున్నా, దానికి మాత్రం నీలమే కొట్టు."

"అలాగేనండీ," అన్నాడు ఇమాం. "ఏ పూట నీలమో చెప్పండి, వెళ్లి చూసొస్తా."