పందిరి రాటలకు తగిలిన తూటాలు

ముందు పోయినవి చెబుతాను. వెదురు రాటలు పద్దెనిమిది. గోనె పట్టాలు పది. జిగురు కోసం ఉడికించిన మైదా నాలుగు కిలోలు. కొబ్బరి తాడు రెండు చుట్టలు. మా పెరట్లో బట్టలారేసుకునే గెడ ఒకటి. గురి కోసం అతికించిన తెల్లకాగితాల్లో మాత్రం మొదటి ఆదివారం ఒక్కటీ పోలేదు. తుపాకీ కాల్చడం నేర్చుకునే చోట కాగితం క్షేమంగా ఉండి కర్ర ఎలా పోయిందో చెబితే గాని ఈ లెక్క ఎవరికీ అర్థం కాదు.

అరవై అయిదు యుద్ధం ఆగాక వచ్చిన చలికాలం. భిలాయి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగులందరికీ ఆదివారాలు తుపాకీ కాల్చడం నేర్పాలని పెద్దలు అనుకున్నారు. రిసాలి ఊరి అవతల, రోడ్లకు మొరం తవ్వుకుని వదిలేసిన పెద్ద గొయ్యి ఒకటుంది. దాని నిలువు గట్టు తూటాలను ఆపుతుందని తేల్చి, అక్కడే ప్రారంభోత్సవం చేశారు. షామియానా, కుర్చీలు, దండలు, సమోసాలు, ఫొటోలు అన్నీ అయ్యాక చూసుకుంటే, గురి బొమ్మలు నిలబెట్టే స్టాండ్లకు ముప్ఫై అయిదు రూపాయలు మిగిలాయి. కావలసినవి పది స్టాండ్లు.

ఆ పని చూసే సాహెబుకు ఇనప స్టాండ్లే కావాలని ఉండేది. ఉక్కు ఊళ్లో కర్ర పెడితే పరువేముంటుందని ఆయన బాధ. అయితే రోజూ గూడ్సు బళ్లకు ఎత్తి దేశమంతటికీ ఉక్కు పంపే ఊళ్లో పది స్టాండ్లకు ఇనుము దొరకలేదు. ఆయన రాసిన కాగితం మూడు ఆఫీసులు తిరిగి, తుక్కు వేలానికి వచ్చినప్పుడు అందరితోపాటు పాడుకోవచ్చునన్న జవాబు మోసుకొచ్చింది. పైగా కాల్చడం నేర్పడానికి వచ్చిన ముసలి పంజాబీ హవల్దారు, "లోహా నహీ సాబ్, గోలీ వాపస్ ఆయేగీ," అన్నాడు. ఇనుముకు తగిలితే తూటా వెనక్కి వస్తుందట, వచ్చినప్పుడు ఎదురుగా ఉండేది తనేనట. మర్నాటికి కర్ర స్టాండ్లే మంచివన్నది సాహెబుగారి సొంత ఆలోచన అయింది. అప్పుడు నన్ను పిలిచారు.

నేను టైం ఆఫీసులో గుమాస్తాను. ఏడో తరగతితో బడి మానేసి, ఆపైన లెక్కలు నాకు నేనే నేర్చుకున్నవాణ్ణి. తక్కువ ఖర్చులో పని కావాలంటే నన్ను పిలుస్తారు. ఖర్చే లేకుండా కావాలంటే తప్పకుండా పిలుస్తారు.

స్టాండ్ల అడుగు దిమ్మలకు దారి దొరికింది. రష్యా నుంచి యంత్రాలు వచ్చిన చెక్కపెట్టెలు గోదాము వెనక కుప్పలుగా పడున్నాయి. వాటి పలకలతో అడ్డదిమ్మ చేసి, రెండు చివర్లా కర్ర దూరేటంత గూడు కట్టి, కదలకుండా ఇటుకలు పెడితే సరి. గోనె పట్టా మీద పాత పేపర్లు, వాటి మీద తెల్లకాగితం, అన్నిటికీ మైదా జిగురు. స్టాండుకు రెండు నిలువు కర్రలే తక్కువ. ఇరవై కర్రలు ఊరికే ఎక్కడ దొరుకుతాయా అని ఆలోచిస్తే ఖుర్సీపార్‌లో మా అక్క ఇల్లు గుర్తొచ్చింది.

మా బావ రోలింగు మిల్లులో పని చేసేవాడు. ఖుర్సీపార్ తెలుగువాళ్ల శ్రీరామనవమి పందిరి బాధ్యత ఆయనదే. చందాలు పోగుచేసి కొన్న నలభై రాటలు, ఒక్కొక్కటి పదేసి అడుగులు, ఆయన ఇంటి చూరు కింద పేర్చి ఉండేవి. ఆ ఎండలో ఆడవాళ్లూ పిల్లలూ కల్యాణం చూడాలంటే నలభయ్యీ కావాలి. ఒక్కటి తగ్గినా ఊరంతా అడిగేది ఆయన్నే.

"నవమిలోగా ఇచ్చేస్తాను బావా," అన్నాను.

"ఏటి, మన రాముడి రాటలకి తుపాకులెట్టి కాలుస్తారా?"

"రాటలకి కాదు, మధ్యలో కాగితానికి. బొమ్మ వెడల్పు మూడడుగులు. రాటకు తగలాలంటే గురి అడుగున్నర తప్పాలి. ఎంత చేతకానివాడైనా అంత తప్పడు."

"నువ్వెన్నిసార్లు కాల్చినావు?"

"ఒక్కసారీ లేదు."

"మరి లెక్కెలాగ కట్టినావు?"

"టేపుతో కొలిచి."

 పందిరికి మైదానం ఇప్పించాల్సింది కూడా ఆ సాహెబే కాబట్టి బావ ఒప్పుకున్నాడు. రెండు షరతులు పెట్టాడు: రాట కొయ్యకూడదు, మేకు కొట్టకూడదు. అందుకే మా స్టాండ్లు పదడుగుల ఎత్తున జెండా కర్రల్లా నిలబడ్డాయి, బొమ్మలు తాళ్లతో నడుముకు కట్టుకుని.

మొదటి ఆదివారం మధ్యాహ్నానికి ఎడమవైపు రాటలు ఎనిమిది చీలిపోయాయి. కుడివైపువి చెక్కు చెదరలేదు. కాగితాలు పెళ్లిచూపులకు వచ్చినట్టు తెల్లగా ఉన్నాయి. కాల్చినవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. హవల్దారు తల గోక్కున్నాడు. నేను మాత్రం సంతోషించాను, ఎందుకంటే తప్పులన్నీ ఒకే వైపు పోతే అందులో లెక్క ఉంటుంది. తుపాకులన్నీ లారీలో ఒకే పక్కకు ఒరిగి వచ్చాయి, సూటి చూసుకునే ముక్కలు అన్నిటికీ ఒకే వైపు జరిగాయి. అడుగున్నర ఎడమకు పోతున్నాయి. అలాంటప్పుడు అడుగున్నర కుడికి గురిపెడితే చాలు. కుడికి అడుగున్నర దూరంలో ఏముంది? కుడి రాట.

సాహెబు నా భుజం తట్టి, కుడి రాటలన్నిటికీ నల్లచుక్క పెట్టించారు.

ఎనిమిది రాటల కోసం మళ్లీ ఖుర్సీపార్ వెళ్లాను.

"ఒరే బామ్మర్దీ, చేతకానోడు కూడా అంత తప్పడన్నావు గదరా. మీ ఆఫీసర్లు చేతకానోళ్లకన్నా తక్కువోళ్లేటి?"

"తుపాకీల తప్పు బావా. ఈసారి ఒక్క రాటా పోదు. సరిచేశాను."

"నువ్వు సరిచేసినావంటేనే నాకు బయవేస్తంది," అంటూ ఎనిమిదీ లెక్కపెట్టి ఇచ్చాడు.

నాకు తెలియనిది ఒక్కటే. హవల్దారు కూడా సరిచేశాడు. ఆ వారంలో ఆయన ఫిర్యాదు రాస్తే, రాయపూర్ నుంచి మిస్త్రీ వచ్చి తుపాకులన్నీ చక్కదిద్ది వెళ్లాడు. తుపాకులు ఒక విభాగానివి, స్టాండ్లు ఇంకొక విభాగానివి, రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలంటే కాగితం రాసుకోవాలి. రెండో ఆదివారం అందరూ నల్లచుక్కకు గురిపెట్టారు. తూటాలు నల్లచుక్కకే తగిలాయి. భిలాయిలో అంత చక్కటి గురి నేను మళ్లీ చూడలేదు. పది కుడి రాటలూ మధ్యకు విరిగాయి. నడుమ ఒక రాట విరిగిన చోట మా ఇంటి గెడ తెప్పించి నిలబెడితే అదీ విరిగింది.

"తుపాకీలు మీవి, గెడ నాది. ఇప్పుడు బట్టలు దేని మీద ఆరెయ్యమంటారు?" అంది మా ఆవిడ. 

చూపించిన చోట కొట్టడంలో మనవాళ్లు నూటికి నూరుపాళ్లు నెగ్గారని సాహెబు పైకి రాశారు. అది అబద్ధం కాదు కూడా.

నలభైలో ఇరవై రెండు మిగిలాయి. నా జీతంలోంచి కుమ్హారి సంతలో పదకొండు కొన్నాను. అంతకుమించి చేతకాలేదు. నవమినాటికి ముప్ఫై మూడు. తక్కువపడిన చోట బావ విరిగిన ముక్కలనే తాడుతో జతకట్టి నిలబెట్టాడు. గుమ్మం వైపు పందిరి మనిషి కళ్ల దాకా కుంగింది. ముఖ్య అతిథిగా వచ్చిన సాహెబు నుదురు అడ్డవాసానికి కొట్టుకుంది.

"ఇంత కిందికి కట్టారేం?" అని అడిగారు.

"దేవుడి పందిరి సార్, వంగి రావాల," అన్నాడు బావ, నా వైపు చూస్తూ. పందిరి నీడ చాలక వెనక వరసల్లో ఆడవాళ్లు కొంగులు తలమీద వేసుకుని ఎండలో కూచున్నారు. ఆ సాయంత్రం వాళ్లలో ముగ్గురు బావ ఇంటికొచ్చి మరీ, రాటలేమయ్యాయని అడిగారు.

ఇన్నేళ్లకు ఇప్పుడు పందిరికి ఇనప గొట్టాలు వచ్చాయి. ఉక్కు ఊరికి చివరికి ఇనుము దొరికింది. వెదురుతో ఎవరికీ పని లేదు. అయినా మొన్న నవమికి ముందు రిక్షాలో ఏడు రాటలు వేసుకుని వెళ్లాను. బావ కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కటే జానలతో కొలిచాడు.

"తొమ్మిదడుగులే ఉన్నాయి. మనవి పదడుగులు గదేటి."

"గొట్టాలున్నాయి కదా బావా, ఇవెందుకు?"

"మరెందుకు తెచ్చినావు?"

రిక్షా వెనక్కి తిప్పాను. ఆ తొమ్మిదడుగుల వెదుళ్లలో ఒకటి మా పెరట్లో గెడ అయింది, కనక మా ఆవిడ బాకీ తీరింది. బావకు మాత్రం ఇంకా బాకీయే, పదడుగుల రాటలు, ఏడు.