పోలీస్ కట్ జాకెట్

బెంగళూరు చలి గురించి ఊళ్ళో గొప్పగా చెప్పేవాణ్ణి గానీ, తోలు జాకెట్ కొనుక్కునేంత చలి ఇక్కడ ఎప్పుడూ లేదు. నాకు కావలసింది దర్జా. తొంభైల చివర్లో చిక్కపేటలో ఒక టోకు బట్టల దుకాణానికి ఆర్డర్లు పట్టే పని నాది. పొద్దస్తమానం హోసూరు రోడ్డు మీద బండి. శివాజీనగరలో జాకెట్లు కుట్టే ఒకాయన నల్లటిదొకటి నాకు తొడిగి, "పోలీస్ కట్ సార్, బైకు పోలీసులు వేసుకునే మాదిరి" అన్నాడు. ఆ ఒక్క మాటకు పడిపోయాను.

మంచి వస్తువే, కాదనను. జిప్పు ఏటవాలుగా మెడదాకా వస్తుంది గనుక గాలి గుండెకు తగలదు. మణికట్టు దగ్గర బిగిస్తే చేతుల్లోకి చలి దూరదు. నడుము పొట్టి కాబట్టి బండి మీద కూర్చుంటే ముడతలు పడదు. మోచేతుల దగ్గర తోలు రెండు పొరలు. భుజాల మీది పట్టీలు మాత్రం ఒట్టి సోకు. అసలు పోలీసులకైతే అక్కడ నక్షత్రాలో బిళ్ళలో ఉంటాయి, నాకేముంటాయి? ఒక్కో పట్టీనీ ఒక్క ప్రెస్ బటన్‌తో అదిమిపెట్టారు, అంతే. నాకు అన్నిటికన్నా నచ్చినవి అవే.

అది వేసుకుని బయల్దేరితే బొమ్మనహళ్ళి దగ్గర తోపుడు బండ్లవాళ్ళు నన్ను చూసి గబగబా బండ్లు వెనక్కి లాక్కునేవారు. నేను పోలీసును కానని చెప్పడానికి ఎంతసేపు? చెప్పలేదు. గడ్డం పైకెత్తుకుని పోయేవాణ్ణి.

నా భార్య అక్కడే ఒక గార్మెంట్స్‌ ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేది. చొక్కాలో కష్టమైన పని కాలరే. అందరికీ ఇవ్వని ఆ మిషన్ తనకిచ్చారని ఆమెకు చాలా గర్వం. రోజూ పొద్దున నేనే దింపేవాణ్ణి. చీరతో ఒక పక్కకు కూర్చుని కుడిచెయ్యి నా భుజం మీద వేసేది. నా పాత స్వెటర్ ఆమె పిడికిట్లో చక్కగా ఇమిడేది. తోలు అలా కాదు, తుంపర పడితే మరీ జారుడు.

"జారతా ఉండాదప్పా. యాడ పట్టుకునేది?" అంది.

"భుజం మింద పట్టీ ఉండాది కదా, అది పట్టుకో. దానికే పెట్టిండేది" అన్నాను.

అబద్ధం. నడుము పట్టుకోమనొచ్చు. కానీ పెళ్ళాం నడుము చుట్టూ చెయ్యేసి కూర్చుంటే నా దర్జా ఏం కావాలి? పోలీసులు అలా పోరు కదా.

వానాకాలంలో ఒక పొద్దున ఆటో అడ్డం వస్తే బండి చటుక్కున పక్కకు తిప్పాను. భుజం మీద టిక్కుమంది. బటన్ ఊడి పట్టీ లేచిపోయింది, వెనక బరువు తగ్గిపోయింది. తిరిగి చూడబోయి నేనూ బండితోపాటు పడి, తడిరోడ్డు మీద జారుకుంటూ పోయాను.

లేచి చూసుకుంటే జాకెట్ మోచేతి దగ్గర తోలు గీసుకుపోయింది. లోపల నా చేతికి గీత కూడా లేదు. జాకెట్ తన పని తాను చేసింది. ఆమె కొంచెం వెనకాల, కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని రోడ్డు మీద కూర్చుని ఉంది. ఆ చెయ్యి ఉండాల్సిన తీరులో లేదు.

జనం పోగయ్యారు, నా చుట్టూ! ఒకడు టీకొట్టు నుంచి స్టూలు తెచ్చాడు, ఇంకొకడు సోడా కొట్టిచ్చాడు. "కూర్చోండి సార్, కూర్చోండి సార్." ఆమె దగ్గర పూలమ్మే మనిషి ఒక్కతే ఉంది. ఆ పూలామె గొంతు తగ్గించి చెబుతున్న మాట నాకూ వినబడింది.

"సుమ్నే ఉండక్కా, నోరెత్తొద్దు. గుద్దినోడు పోలీసోడు. కంప్లైంటూ గింప్లైంటూ మనకేల? ఆటో ఎక్కి పో."

దారిన పోయే ఆడమనిషిని గుద్దిన పోలీసుననుకున్నారు నన్ను. "నా పెండ్లామప్పా!" అని అరిచాను. ఎవరూ నమ్మలేదు. పూలామె నా భార్యనే అడిగింది.

"నిజమేనా అక్కా?"

నా భార్య నావైపు చూసింది. చివరికి, "ఊఁ, మా ఆయనే" అంది.

మోచెయ్యి విరిగింది. కట్టుతో ఉండగా వాళ్ళమ్మ హిందూపురం నుంచి వచ్చి, "ఎట్ల పడితివే?" అని అడిగింది.

"కునుకు పట్టిండెమ్మా. నేనే చెయ్యి ఇడిస్తి."

నేను కాఫీ గ్లాసుతో అక్కడే నిలబడి ఉన్నాను. ఆ టిక్కుమన్న చప్పుడు నాకంటే ముందు విన్నది నా భార్యే. మా అత్త నావైపు తిరిగి, "నీకేం కాలేదు కదా నాయనా, అంతే చాలు" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. అప్పుడైనా నోరు తెరవలేదు.

కట్టు విప్పాక చెయ్యి పూర్తిగా చాపలేకపోయింది. కాలరు వంపు తిప్పాలంటే సూది కింద రెండు చేతులూ ఒక్కటిగా నడవాలి. ఆమె బస్సులో పోయి, మిషన్ మీద కూర్చుని ప్రయత్నించి వచ్చింది. రేపటి నుంచి దారాలు కత్తిరించే బల్ల దగ్గర నిలబడమన్నారని చెప్పి బియ్యం కడగడానికి పోయింది. కుట్టడం పోయిందని అర్థమై నాకే ఏడుపొచ్చింది.

మరుసటి పొద్దున నేనే దింపుతానని పాత స్వెటర్ వేసుకుని బండి తీశాను. ఆమె ఎక్కింది. భుజం మీద చెయ్యి పడుతుందని కాసేపు ఆగాను. పడలేదు. తిరిగి చూస్తే ఎడమచేత్తో సీటు వెనక ఇనుప కమ్మీ పట్టుకుని కూర్చుంది.

"నన్ను పట్టుకో. ఇది స్వెటరే, జారదు."

"వద్దులే. ఇది గట్టిగా ఉండాది" అంది. గొంతులో కోపమేమీ లేదు. "నువ్వు పోనీ."

పోనిచ్చాను. ఆ తర్వాత బండి మీద ఎన్నేళ్ళు తిరిగామో. ఆ చెయ్యి మళ్ళీ నా భుజం మీద పడలేదు.