ఆదిశేషమ్మ కట్ట, చిట్టెలుకలు

మా పెద్దమ్మ ఆదిశేషమ్మకు ఈ లోకంలో ఒక్కటే శత్రువు, చిట్టెలుక. జువ్వలదిన్నె దగ్గర ఉప్పుకాలువ పక్కన ఆమెకు ఎకరం చేను ఉండేది. పెదనాన్న పోయాక అదే ఆధారం. చేనుకూ కాలువకూ మధ్య మట్టికట్ట ఒక్కటే అడ్డం. అది తెగి ఉప్పునీళ్లు వచ్చాయంటే ఆ ఏటి పైరు పోవడమే కాదు, మూడేళ్లు గడ్డి కూడా మొలవదు.

చిట్టెలుకలకు ఆ కట్టే ఇల్లు. బొటనవేలంత జీవి, బొటనవేలు పట్టేంత కలుగు, వాకిట్లో ఆవగింజల్లాంటి మట్టి ఉండలు. లోపల గడ్డిపోచలు చీల్చి గూడు కట్టుకుని ఐదారు పిల్లల్ని పెడుతుంది. పెద్ద ఎలుకల్లాగా వరి వెన్నులు కొరికి దాచుకోదు. రాలిన గింజో, పురుగో ఏరుకు తింటుంది. ఇవన్నీ నాకు చెప్పింది పెద్దమ్మే. ఇంత తెలిసీ రోజూ పొద్దున్నే తట్టలో తడిమట్టి పెట్టుకుని పోయి, కనపడిన కలుగుకల్లా ఒక ముద్ద మెత్తి వచ్చేది. తన కట్టకు ఒక్క బొక్క కూడా లేదని ఊరంతా గొప్పలు!

పక్కచేను హెబ్రోను ఒకసారి అననే అన్నాడు. "నోరు మూస్తే కడుపు నిండుద్దా అక్కా? లోపలంతా డొల్లే గదా. తవ్వి మళ్లీ తొక్కితేనే కట్ట నిలబడేది."

"ముందు నీ కట్ట చూసుకోబ్బా" అనింది పెద్దమ్మ. ఆమెకు మంచి చెప్పబోయి మాట పడనివాళ్లు మా ఊళ్లో లేరు.

అరవై రెండులో, మొలగొలుకుల వరి పాలు పోసుకునే వేళ, కాలువలోకి సముద్రం పున్నమి పోటు వచ్చింది. అప్పటికి నాలుగు రోజులుగా వాన చుక్క లేదు. పొద్దున పెద్దమ్మ కట్ట మీదికి పోయేసరికి చేనువైపు కొత్త కన్నంలోంచి ఒక చిట్టెలుక బయటికి వచ్చింది. నోట్లో కళ్లు తెరవని పిల్ల. దాన్ని తుమ్మచెట్టు మొదట్లో పెట్టి మళ్లీ లోపలికి దూరింది. రెండో పిల్లను తెచ్చింది. ఇదే సందని పెద్దమ్మ మట్టిముద్ద ఎత్తింది. అప్పుడు కనపడింది, ఎలుక తోక దాకా తడిసి ఉంది.

"హెబ్రోనూ! వాన లేదే, ఇది యాడ తడిసినాది తమ్ముడా?"

హెబ్రోను పలుగూ పారా పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. పలుగు గుచ్చితే సగం దాకా దిగబడింది. బయటికి లాగితే తడి. కాలువలో నీళ్లు ఇంకా ఎక్కుతున్నాయి.

"తవ్వాలక్కా, ఇప్పుడే."

పోటు మీద కట్టను తవ్వడమా! పెద్దమ్మ ఎక్కుతున్న నీళ్ల వంక చూసింది. అయినా "తవ్వు" అనింది. అతను చేనువైపు నుంచి తవ్వుతుంటే ఆమె బంకమట్టీ వరిగడ్డీ కలిపి తొక్కి అందించింది. ఆమె మెత్తిన ముద్దలు ఒక్కొక్కటే బయటపడ్డాయి, వాటి వెనక నీళ్లు కోసి చెయ్యి దూరేంత పెద్దవైన సందులు. హెబ్రోను ఒక్క మాట అనలేదు. దానికే ఆమెకు ఎక్కువ సిగ్గేసింది.

మధ్యాహ్నానికి పోటు తీసింది. కట్ట నిలిచింది. కానీ అప్పటికే ఎంత ఉప్పు చేలోకి దిగిందో ఎవరికి తెలుసు? పెద్దమ్మ పైరులోకి దిగి, మోకాళ్ల మీద కూర్చుని, దోసిట్లో నీళ్లు తీసి నోట్లో పోసుకుంది. మింగకుండా అట్లాగే ఉండిపోయింది.

"ఏందక్కా?"

"చప్పగా ఉండాయి" అనింది. అని, ఆ బురదలోనే కూలబడి బావురుమనింది.