అమ్మకానికి పెట్టిన ఇంట్లో మాటలు

లిఫ్టులు బాగుచేసే ఆయన ఇంట్లో లిఫ్టు లేదు. ఉన్నవన్నీ మెట్లే. గేటు దాటగానే హాల్లోకి కొన్ని, హాల్లోంచి పై గదుల్లోకి నిటారుగా ఇంకొన్ని. కాపురానికొచ్చిన కొత్తలో ఆ మెట్ల మీద పరుగులు తీసిన భార్యకి ఇప్పుడు మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. ఎక్కితే దిగడానికి భయం, దిగితే మళ్ళీ ఎక్కడానికి భయం. ఒకరోజు ఆరిన బట్టలు పట్టుకుని దిగుతూ సగంలో కూర్చుండిపోయింది. ఆయన పని నుంచి వచ్చేదాకా అక్కడే ఆ బట్టలన్నీ మడతలు పెట్టుకుంటూ గడిపింది.

"ఊరందరినీ పైకీ కిందకీ తిప్పుతారు. నన్ను తిప్పే దిక్కే లేదు" అంది ఆయన్ని చూసి. నవ్వుతూనే అంది గానీ ఆ మాట ఆయన మనసులో దిగబడిపోయింది. ఇల్లు అమ్మేసి, లిఫ్టున్న అపార్ట్‌మెంట్‌లోకి మారిపోదామని ఆ వారంలోనే తేల్చేసుకున్నారు.

ఆయన మితభాషి. చేసే పని కూడా అందుకు తగ్గదే. మరమ్మతు పూర్తయ్యాక పనిముట్ల సంచీ కాళ్ళ దగ్గర పెట్టుకుని, లిఫ్టులో ఓ మూల నిలబడి పైకీ కిందకీ తిరుగుతూ ఏమైనా తేడా చప్పుడు వస్తోందేమోనని వినేవాడు. ఎక్కినవాళ్ళకి ఆయన కూడా ఆ లిఫ్టు గోడల్లో ఒక భాగమే. ఆఫీసుల్లో పైవాళ్ళు కిందవాళ్ళని ఆడిపోసుకునేవారు. ఆసుపత్రుల్లో అన్నదమ్ములు తండ్రిని ఎవరు చూడాలన్న దాని మీద గుసగుసగా కీచులాడుకునేవారు. ఇవన్నీ ఆయన చెవిన పడేవి, కిందకి దిగేసరికి చెరిగిపోయేవి. ఇన్నేళ్ళలో ఒక్కరి మాటా ఇంటికి మోసుకురాలేదు.

ఇంట్లో కెమెరాలు మాత్రం ఆయన కోరి పెట్టించుకున్నవి కావు. ఒకసారి వరండాలో ఉన్న సైకిలు పోయింది. అది విని బావమరిది ఓ ఆదివారం నిచ్చెన వేసుకుని, గేటు దగ్గరొకటి, హాల్లో ఒకటి, మెట్ల పైన ఒకటి బిగించేశాడు. "ఎక్కడున్నా ఫోన్లో చూసుకోవచ్చు బావా, మాటలు కూడా వినిపిస్తాయి" అని నేర్పించి పోయాడు. ఆయన వాటి జోలికే వెళ్ళలేదు. పిల్లి దూకినా ఫోను గుర్రుమంటోందని విసుక్కునేవాడు.

ఇల్లు చూపించే బాధ్యత ఒక ఏజెంటుకి అప్పగించారు. కుర్రవాడు కాదు, అలాగని పెద్దవాడూ కాదు. ఇస్త్రీ నలగని చొక్కా, తీయని మాట. జనం చూడటానికొచ్చినప్పుడు మీరు మాత్రం ఇంట్లో ఉండకండని ముందే షరతు పెట్టాడు. సొంతదారులు ఎదురుగా ఉంటే అల్మారా తలుపు తీయడానికి కూడా మొహమాటపడతారట. మందుల సీసాలు లోపల పెట్టించాడు, ఫొటోలు దింపించాడు. కెమెరాల సంగతి అతనూ అడగలేదు, ఈయనా చెప్పలేదు.

మొదటిసారి ఇల్లు చూడటానికొచ్చిన రోజు భార్యాభర్తలిద్దరూ వీధి చివర పార్కులో బెంచీ మీద కూర్చున్నారు. ఫోను గుర్రుమంది. ఆయన తెరిచి చూశాడు. వాళ్ళ హాల్లో ఎవరో దంపతులు తలలెత్తి పైకప్పు చూస్తున్నారు.

"తప్పు కదండీ" అంది భార్య.

"మన ఇల్లేగా."

"ఇల్లు మనదే. మాటలు వాళ్ళవి కదా" అంది. అంటూనే కళ్ళజోడు తీసి పెట్టుకుంది.

వంటగది చీకటిగా ఉందన్నారు వాళ్ళు. సరే, ఉన్నమాటే. ఆ తర్వాత ఆ వచ్చినావిడ హాలు గోడ వైపు తిరిగి, ఈ ఆకుపచ్చ ఎవరికి నచ్చిందో గానీ ఆసుపత్రి వార్డులో నిలబడ్డట్టుందంది. ఆ రంగు ఏరికోరి వేయించింది ఈవిడే. ఇంటికొచ్చేదాకా మొహం గంటు పెట్టుకుంది. మరుసటి ఆదివారం ఆయన గోడలన్నిటికీ తెల్ల రంగు వేశాడు. ఆ వారం వచ్చినవాళ్ళు ఇల్లు బోసిగా ఉందని, కాస్త ఏదైనా రంగు వేయించి ఉంటే కళగా ఉండేదని అనుకుంటూ వెళ్ళారు.

ఇక అక్కడి నుంచి ఇద్దరికీ అదే లోకమైపోయింది. ఎవరో తలుపు కిర్రుమంటోందంటే నూనె వేశాడు. ఇంకెవరో కర్టెన్లు పాతవన్నారని తీసేశాడు, తీసేస్తే కిటికీలు మొండిగా ఉన్నాయన్నారు. ఒకావిడ హాల్లోని ఫ్రిజ్ తెరిచి లోపల ఏముందో తీరిగ్గా చూసింది. ఒకాయన మెట్ల మీద కాలితో దబదబా తన్ని, ఇవి పగలగొట్టాల్సిందేనని తీర్పిచ్చాడు. తప్పు కదా అన్న భార్యే ఇప్పుడు ఫ్లాస్కులో టీ పోసుకుని, ఆయనకన్నా ముందు పార్కుకి తయారయ్యేది. తెర మీది మనుషులతో వాదన కూడా వేసుకునేది. "పైపులు మొన్ననే మార్చాం తల్లీ, చూసి మాట్లాడు" అనేది. వాళ్ళకి వినపడదని తెలుసు. అయినా అనేది.

ఆయన లోపల ఏదో మారింది. ఎవరి మాటా మోసుకురాని మనిషి ఇప్పుడు ప్రతి మాటా మోస్తున్నాడు. స్నానాలగదిలోకి వెళితే ఇరుకు అన్న గొంతు, వరండాలో నిలబడితే దుమ్ము అన్న గొంతు.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం ఓ జంట వచ్చి ఇల్లంతా తిరిగి, బాగుందన్నారు. ఈ మాట విని బెంచీ మీద ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళు బయల్దేరబోతుంటే, ఏజెంటు హాల్లో సరిగ్గా కెమెరా కింద నిలబడి గొంతు తగ్గించాడు.

"ఆంటీకి మోకాళ్ళు పోయాయండి. ఆ మెట్లతో ఎన్నాళ్ళో నెట్టుకురాలేరు. మీరు కాస్త బెట్టు చేయండి. వాళ్ళే దిగొస్తారు."

భార్య కళ్ళజోడు తీసి పెట్టెలో పెట్టేసింది.

"నా మోకాళ్ళ సంగతి అతనికెవరు చెప్పారు?" అని అడిగింది.

"నేనే" అన్నాడాయన.

ఎందుకు అమ్ముతున్నారని ఏజెంటు అడిగితే మొదటిరోజే ఉన్నదున్నట్టు చెప్పేశాడు. టీ చల్లారిపోయింది. ఆవిడ ఫ్లాస్కు మూత బిగించి, ఆయన భుజం పట్టుకుని లేచింది.

మర్నాడు ఏజెంటు వచ్చినప్పుడు ఆయన నాన్చకుండా విషయం చెప్పేశాడు. నిన్న నువ్వన్నది మేమిద్దరం విన్నామన్నాడు. వేరే కొనేవాళ్ళు దొరకడం లేదని, ఎలాగైనా బేరం కుదర్చాలని అలా అన్నానని ఏజెంటు సర్దుకోబోయాడు. అంతలోనే అతనికి తల పైకెత్తి చూడాలని తోచింది. కెమెరా కనపడింది.

"అంటే ఇన్నాళ్ళూ అందరి మాటలూ వింటున్నారా అంకుల్?" అన్నాడు. "చెప్పకుండా వినడం పద్ధతేనా? వచ్చినవాళ్ళలో ఎవరికైనా తెలిస్తే నేనేం సమాధానం చెప్పను?"

ఆయన ఒకరి తప్పు నిలదీయబోయి తన తప్పు దగ్గర ఆగిపోయాడు. వంటింట్లోంచి భార్య నిదానంగా నడిచి వచ్చి కుర్చీలో కూర్చుంది.

"ఇద్దరూ చేయకూడని పనే చేశారు. నేనూ విన్నాను, నాదీ తప్పే" అంది. "ఇప్పుడేం చేద్దాం, అది చెప్పండి."

ఆవిడ మాట మీదే గేటుకి ఒక కాగితం అంటించారు. ఈ ఇంట్లో కెమెరాలు ఉన్నాయి, మాటలు కూడా వినిపిస్తాయి అని రాశారు. రెండో ముక్క అక్కర్లేదేమోనని ఏజెంటు నసిగాడు. ఆవిడ ఒప్పుకోలేదు.

దాంతో తమాషా మొదలైంది. వచ్చినవాళ్ళందరూ ఇంటిని ఆకాశానికెత్తేయసాగారు. వంటగది చల్లగా ఉందట. మెట్లు ఠీవిగా ఉన్నాయట. ఒక పెద్దమనిషి కెమెరా ఎదురుగా నిలబడి జుట్టు సర్దుకుని మరీ, ఇంత మంచి ఇల్లు ఈమధ్య చూడలేదని దానికే విన్నవించుకున్నాడు. గేటు దాటి నాలుగడుగులు వేశాక అందరూ తలలు దగ్గరికి చేర్చి అసలు మాటలు మొదలుపెట్టేవారు. ఒక్కరూ మళ్ళీ రాలేదు. భార్యకి మొదట్లో నవ్వొచ్చింది గానీ రెండువారాలకే విసుగెత్తింది. తిట్లే నయం, కనీసం నిజమనిపించేవి అంది.

ఆయన హాల్లోదీ, మెట్ల మీదిదీ ఆపేశాడు. గేటు దగ్గరది మాత్రం ఉంచి, కాగితం మార్చి రాశాడు. ఇకముందు ఎవరొచ్చినా నేను ఇంట్లోనే ఉంటానని భార్య కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. ఏజెంటు కాదనే పరిస్థితిలో లేడు.

ఆ తర్వాత వచ్చినవాళ్ళలో ఒక నర్సు ఉంది. నలభై దాటిన మనిషి, తండ్రిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ ముసలాయన చేతికర్ర మీద రెండు చేతులూ ఆనించి హాల్లో కూర్చున్నాడు. నర్సు గదులన్నీ చూసొచ్చి ఇంటావిడ ఎదురుగా కూర్చుంది.

"ఈ ఇంట్లో మీకు నచ్చనిదేంటో చెప్పండమ్మా" అని అడిగింది.

ఆవిడ దాచలేదు. వంటగదిలో పట్టపగలు కూడా లైటు వేసుకోవాలని, నీళ్ళ మోటారు మోత ఎక్కువని, మెట్లు తన ప్రాణం తీశాయని వరసగా చెప్పుకొచ్చింది. "ఆ తర్వాత మా ఆయన గురక. అది మాతోపాటే వచ్చేస్తుందిలెండి" అంది. నర్సు గట్టిగా నవ్వేసింది. హాలు పక్కన ఆయన పనిముట్లు పెట్టుకునే గది నాన్నకి సరిపోతుందని, పైగదుల మెట్లు ఎక్కాల్సిన అవసరమే ఉండదని అంది. బేరం ఆడవాళ్ళిద్దరి మధ్యే తెగింది. ఏజెంటు పక్కన కూర్చుని తలూపాడు. కెమెరాలు ఉంచేయమని నర్సే అడిగింది. తను డ్యూటీలో ఉంటే నాన్న ఒక్కడే ఉంటాడు కదా అంది. బావమరిది వచ్చి అవన్నీ ఆమె ఫోనుకి కలిపి వెళ్ళాడు. ఆయన ఫోనుని వాటి నుంచి విడదీయాలన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

కొత్త ఫ్లాట్‌లో సర్దుకున్నాక, ఒక ఉదయం ఆయన ఓ ఆఫీసు భవనంలో పనిలో ఉండగా జేబులో ఫోను గుర్రుమంది. చేతి అలవాటు కొద్దీ నొక్కేశాడు. తెర మీద ఆ ముసలాయన. కర్ర కింద వదిలేసి, రెండు చేతులతో రెయిలింగు పట్టుకుని మెట్లెక్కుతున్నాడు. సగం ఎక్కి ఆగాడు. పైకి చూశాడు, కిందకి చూశాడు. మెల్లగా వెనక్కి దిగి, కర్ర అందుకుని కుర్చీలో కూర్చుని రొప్పుతున్నాడు. ఈయన ఫోను కట్టేసి సంచీలో అడుగున పడేశాడు. ఆ రోజు మనసు పనిలో పడలేదు.

సాయంత్రం నేరుగా ఆ ఇంటికే వెళ్ళాడు. నర్సు ఇంకా రాలేదు. ముసలాయనే తలుపు తీశాడు.

"మీ కెమెరాలు నా ఫోన్లో ఇంకా కనిపిస్తున్నాయండీ. తీసేయించుకుందామని వచ్చాను" అన్నాడు. కొంచెం ఆగి, "పొద్దున మీరు మెట్లెక్కడం చూశాను. చూడకూడదు" అన్నాడు.

ముసలాయన వీధి వైపు ఓసారి చూశాడు.

"మా అమ్మాయికి చెప్పారా?"

"లేదండీ."

"పైగదిలోంచి రైలుపట్టాలు కనిపిస్తాయని చెప్పింది. ఒక్కసారి చూద్దామని" అన్నాడు ముసలాయన. ముప్పయ్యేళ్ళు రైలు నడిపాడట. ఆ మాట ఈయనకి ఇప్పుడే తెలిసింది.

ఈయన చెప్పులు విడిచాడు. ముసలాయన్ని ముందు నడవనిచ్చి, తాను ఒక మెట్టు కింద, చేయి ఆయన నడుం వెనక ఉంచి ఎక్కించాడు. పైగది కిటికీ దగ్గర ఇద్దరూ నిలబడి ఒక గూడ్సు పూర్తిగా వెళ్ళేదాకా చూశారు.

నర్సు వచ్చేసరికి వాళ్ళింకా పైనే ఉన్నారు. విషయం విని ఆమె మొహం మాడిపోయింది. ఇన్నాళ్ళూ మీకు మా ఇల్లు కనిపిస్తోందా అని మాత్రం అడిగింది. ఈ ఒక్కపూటే చూశానని ఆయన చెప్పాడు, నమ్మిందో లేదో తెలియదు. ఆమె ఎదుటే తన ఫోనులోంచి అన్నీ తీసేశాడు. అప్పుడు ముసలాయన నోరు విప్పాడు.

"నీ ఫోన్లోంచి కూడా తీసెయ్యమ్మా. పడితే పిలుస్తాను. నన్ను కాపలా కాయొద్దు."

తండ్రీకూతుళ్ళ మధ్య ఏం మాటలు నడిచాయో ఆయన వినలేదు. గేటు బయట నిలబడ్డాడు. కాసేపటికి నర్సు వచ్చి, హాల్లోదీ, మెట్ల పైనదీ విప్పేస్తారా అని అడిగింది. గేటు దగ్గరది ఉండనిమ్మంది. ఆయన సంచీలోంచి స్క్రూడ్రైవరు తీసుకుని లోపలికి వెళ్ళాడు.

ఇంటికి చేరాక ఎందుకింత ఆలస్యమైందని భార్య అడిగింది. ఆయన కూర్చుని మొదటినుంచీ చివరిదాకా చెప్పాడు. ఆవిడ అంతా విని, మెట్లకి రెండోవైపు కూడా రెయిలింగు వేయిస్తే మంచిదని నర్సుకి చెప్పారా అని అడిగింది. చెప్పానని, ఆదివారం వెళ్ళి తానే వేస్తానన్నానని అన్నాడాయన.