నూట యాభై అక్షరాల్లో ఈశ్వరప్ప

కోటలు కట్టినవాళ్లకూ చెరువులు తవ్వించినవాళ్లకూ శాసనాలున్నాయి. కథ వింటూ ఊఁ కొట్టినవాళ్లకు మాత్రం మన చరిత్రకారులు ఒక్క బండరాయి కూడా కేటాయించలేదు. ధర్మవరం ఈశ్వరప్ప ఇరవై ఆరేళ్లపాటు రోజుకు రెండు మూడు వందల చొప్పున ఊఁలు కొట్టాడు. ఈ లెక్క ఏ గెజిటీరులోనూ దొరకదు. అందుకే ఇక్కడ రాయాల్సి వస్తోంది.

ఈశ్వరప్పది పడుగులు అతికే పని. మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చినప్పుడు, దాని కొసలకు కొత్త పడుగు కొసల్ని ఒక్కొక్క పోగే పట్టుకుని, వేళ్లకు కాస్త బూడిద రాసుకుని మెలిపెట్టాలి. అలా నాలుగైదు వేల పోగులు. చేతులకు తీరిక ఉండదు, కళ్లకు తీరిక ఉండదు, చెవులు మాత్రం రోజంతా ఖాళీ. ఆ ఖాళీని భార్య చెన్నమ్మ ఆక్రమించింది. గోరంట్ల పిల్ల, పది పాసైంది. శాఖా గ్రంథాలయం నుంచి నవల తెచ్చుకుని, మొగుడు ఏ ఇంట్లో పడుగు అతుకుతుంటే ఆ ఇంట్లో మగ్గం పక్కన కూర్చుని పైకి చదివేది. పేజీకి రెండు మూడుసార్లయినా ఊఁ వినపడకపోతే పుస్తకం మూసేసేది. మనిషి మేలుకునే ఉన్నాడనడానికి ఆమె వేరే సాక్ష్యం ఒప్పుకునేది కాదు. పూట ముగిశాక, ఆపిన చోట ఎర్ర పట్టుపోగు ఒకటి పెట్టేది.

మూడేళ్ల కిందట కార్తీకంలో, తమ వీధిలోనే మగ్గం ఉన్న హేమావతమ్మ ఇంట్లో వంకాయరంగు పడుగు అతుకుతుండగా, చెన్నమ్మ ఒక నవలలో పోగు పెట్టి, మిగతాది రేపు చదువుతానంది. ఆ రాత్రి జ్వరం వచ్చింది. ఆరో రోజుకు మనిషి లేదు. పడుగు పూర్తయింది, దాని మీద చీరలు నేశారు, అమ్మారు. పుస్తకం మాత్రం ఈశ్వరప్ప ఇంట్లో చిలక్కొయ్యకు సంచీలో వేలాడుతోంది. గ్రంథాలయం తిప్పయ్య రెండుసార్లు వచ్చి అడిగాడు. మూడోసారి వచ్చి, కాఫీ తాగి, అడక్కుండానే వెళ్లిపోయాడు.

ఫోన్లో పుస్తకాలవాళ్ల గుంపులున్నాయని, వాళ్లలో చదివి వినిపించేవాళ్లు కూడా ఉంటారని ఈశ్వరప్పకు చెప్పింది హేమావతమ్మ కొడుకు ఉదయ్ కుమార్. నలభై ఏళ్లవాడు, ఇంట్లో నేసిన చీరలను ఇన్‌స్టాలో పెట్టి అమ్ముతాడు కాబట్టి, బయోల విషయంలో ఆ వీధికి అతనే పీఠాధిపతి. గుంపులవాళ్లు మనిషిని చూడరని, ముందు బయో చూస్తారని, అందులో ఎవరం, ఏం ఇష్టం, ఏం కావాలి అన్నీ నూట యాభై అక్షరాల్లో ఇమడాలని ఉపదేశించాడు. ఒత్తుకో లెక్క, దీర్ఘానికో లెక్క అని కూడా హెచ్చరించాడు. ఈశ్వరప్ప పోగు వదలకుండా విన్నాడు.

మొదటి ప్రతి ఉదయ్ కుమారే రాశాడు: పుస్తకాల పురుగు, కాఫీ ప్రియుడు, వాన పడుతుంటే కిటికీ పక్కన చదువుకునే మనిషి. ఈశ్వరప్ప ఒక్కొక్క మాటనూ దారం తీసి చూసినట్టు చూశాడు.

"పురుగా? పట్టుపురుగుని ఏం చేస్తారో తెలిసే రాసినావా అప్పా? కాగే నీళ్లల్లో ఏస్తారు. కాఫీలో చక్కెర డాక్టరు మాన్పించినాడు. ఇంగ వాన కోసం కాచుకోని చదివితే ఈ జిల్లాలో ఒక పుస్తకం ఎన్నేండ్లకి అయితాదో నువ్వే చెప్పు."

మూడు అబద్ధాలూ కొట్టేశాక బయోలో కామాలు మిగిలాయి.

పోనీ, ఇష్టమైన పుస్తకాల పేర్లు చెప్పమన్నాడు ఉదయ్ కుమార్. ఇక్కడ ఒక మహత్తరమైన లోపం బయటపడింది. వందలకొద్దీ నవలలు విన్న మనిషికి ఒక్కదాని పేరూ తెలియదు. చెన్నమ్మ ఎప్పుడూ అట్ట చదవలేదు, నేరుగా కథలోకి దిగేది. గ్రంథాలయం పుస్తకాల్లో సగానికి అట్టలు కూడా ఉండేవి కావు. అలాగని ఈశ్వరప్ప వాటిని మరిచిపోలేదు. ఏ పడుగు అతుకుతుండగా ఏ కథ విన్నాడో ఆ పడుగే దానికి పేరు. అన్నదమ్ములు బావి కోసం విడిపోయిన కథ ఆకుపచ్చ పడుగు, మామిడిపిందె అంచు. రైలు దిగకుండా వెళ్లిపోయిన టీచరమ్మ కథ పసుపు, జరీ కొంగు. ఆ రెండూ అలాగే బయోలో పెట్టించాడు.

సాయంత్రానికి ఆరుగురు ధర అడిగారు. కదిరి నుంచి ఒకావిడ టీచరమ్మ చీరకు జాకెట్టు ముక్క ఉందా అంది. ఉదయ్ కుమార్ ఆ ఏడుగురినీ తన ఖాతాలోకి మళ్లించుకున్నాడు, అది వేరే సంగతి. అయినా మనసులో ఎక్కడో గుచ్చుకున్నట్టుంది, మర్నాడు ఫోను పక్కన పెట్టి వచ్చి మగ్గం పక్కనే కూర్చున్నాడు. చెన్నమ్మ కూర్చునే చోటే. ఈశ్వరప్ప ఒకసారి చూసి, మళ్లీ పోగుల్లోకి తల దించాడు.

"ఇంతకీ నీకేం గావాల మామా? సూటిగా చెప్పు."

"మీ అత్త యాడ నిలిపిందో ఆడ్నుంచి ఎవురన్నా చదవాల."

"నీకు చదువొచ్చు గదా."

"వచ్చు. నేను చదివితే నా గొంతే వినపడతాది."

కథ ఎక్కడ ఆగిందని అడిగితే చెప్పాడు. ఒక రైతు చేనులో బోరు వేయిస్తున్నాడు, ఆరు వందల అడుగులు దిగింది, ఇంకా దుమ్మే వస్తోంది, అక్కడ. నీళ్లు పడవని తనకు తెలుసన్నాడు. ఈ జిల్లాలో పుట్టినవాడికి అది తెలియడానికి నవల చదవనక్కర్లేదని కూడా అన్నాడు. కానీ పడలేదన్న మాటను ఎవరైనా పక్కన కూర్చుని చదువుతుంటే వినాలని ఉందన్నాడు. ఉదయ్ కుమార్ లేచి వెళ్లి ఫోను తెచ్చుకున్నాడు.

తర్వాత ఈశ్వరప్ప చెబుతుంటే ఒక్క మాటా మార్చకుండా రాసుకున్నాడు:

"ఈశ్వరప్ప. ధర్మవరం. పడుగులు అతుకుతాను. చదవను, వింటాను. ఒక పుస్తకం సగంలో ఆగింది. చదివి వినిపించేవాళ్లు కావాలి. ఊఁ కొడతాను."

ఇంకా ఇరవై ముప్పై అక్షరాలు మిగిలాయి. ఏమైనా కలుపుదామా అంటే, ఉండనీ, పడుగు బిగుతుగా ఉంటే తెగుతుందన్నాడు.

తొమ్మిది రోజులు ఎవరూ పలకలేదు. రోజూ మధ్యాహ్నం అన్నం తినడానికి చేతులు కడిగినప్పుడు, ఈశ్వరప్ప ఫోను ఒకసారి తిప్పి చూసేవాడు. పదో రోజు ఉరవకొండ నుంచి మల్లీశ్వరి అనే ఆమె రాసింది. రిటైరైన తెలుగు టీచరట, ఇంట్లో తను చదివితే వినే దిక్కు లేదట. ఊఁ కొట్టే మనిషి దొరకడం ఈ రోజుల్లో మాటలు కాదంది. రోజూ రెండు గంటలకు ఫోను చేసి గంటసేపు చదువుతానని, రెండు నెలలు పట్టినా ఫర్వాలేదని, పేజీలు ఫొటోలు తీసి పంపితే చాలని రాసింది.

ధర్మవరంలో దీనికి సన్నాహాలు ఘనంగా జరిగాయి. హేమావతమ్మ మగ్గం పక్కన ఫోను నిలబెట్టడానికి పీట వేయించింది. ఈశ్వరప్ప రెండు నెలల పని మొత్తం ఎవరి పడుగు ముందు, ఎవరిది వెనుక అని కథకు సరిపడేలా సర్దుకున్నాడు. అందులో వంకాయరంగు పడుగుకు మొదటి చోటు ఇచ్చాడు. ఉదయ్ కుమార్ ఆదివారం వేరే పనులు మానుకుని, ఫోనుకు నిండా ఛార్జింగు పెట్టి, అద్దం తుడిచి, ఈశ్వరప్ప ఇంటికి వెళ్లాడు. చిలక్కొయ్య మీది సంచీ దించి, వెలుతురు కోసం వాకిట్లో చాప పరిచి, ఎర్రపోగు ఉన్న చోట పుస్తకం తెరిచాడు.

పోగు తర్వాత కథ అయిపోవడానికి నాలుగు పేజీలే ఉన్నాయి.